షుగర్ పేషెంట్ల కోసం హెల్త్ స్టార్టప్: ఒక ఊళ్ళో మొదలుపెట్టి పది ఊళ్ళకి వెళ్ళేదాకా

హెల్త్‌లో ఏదైనా స్టార్టప్ పెడదామనుకుంటున్నాం అని వచ్చే పిల్లలు ముందుగా అడిగేది యాప్ చేయించడానికి ఎంతవుద్ది అని. యాప్ సంగతి తర్వాత చూద్దాం, ముందు మూడు విషయాలు చెప్పండి అంటాను: ఏ జబ్బు, ఏ ఊరు, డబ్బులు కట్టేది ఎవరు. ఈ మూడిటికీ ఒక్కో ముక్కలో జవాబు రాకపోతే ఇంకా మొదలుపెట్టే టైమ్ రాలేదన్నమాట. అందరికీ, అన్ని జబ్బులకీ అంటే మాత్రం అస్సలు ఒప్పుకోను, ఎందుకంటే జబ్బు మారితే డాక్టర్ మారతాడు, టెస్టులు మారతాయి, పేషెంట్ భయం మారుతుంది, డబ్బు వచ్చే దారి కూడా మారుతుంది.

ఇక్కడ షుగర్‌నే ఉదాహరణగా పెట్టుకుని మొత్తం చెప్తాను. కేంద్ర వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ వాళ్ళ ఇండియాబ్ అనే షుగర్ స్టడీ 2023లో వచ్చింది, దాని లెక్కలో మన దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు 10.1 కోట్ల మంది. నరసరావుపేటో సూర్యాపేటో, అలాంటి టౌన్ ఒకటి అనుకోండి. అక్కడ మంచి పేరున్న ఎండీ డాక్టర్ గారి ఓపీ కిటకిటలాడుతూ ఉంటుంది, ఒక్కో పేషెంట్‌కి దొరికేది మూడు నాలుగు నిమిషాలు. ఆయన మందులు రాసి, మూడు నెలల షుగర్ టెస్ట్ చేయించుకుని మళ్ళీ రండి అంటారు. పేషెంట్ రాడు. ఒంట్లో బాగానే ఉంది కదా అని మందులు ఆపేస్తాడు, లేకపోతే పాత చీటీ చూపించి మెడికల్ షాపులో అవే మందులు ఏడాదిపాటు కొనుక్కుంటూ పోతాడు, కాలికి పుండు పడ్డాకో చూపు మసకబారాకో అప్పుడొస్తాడు. ఈ రెండు విజిట్ల మధ్య ఖాళీ ఉంది చూశారా, డిజిటల్ హెల్త్‌కి నిజంగా పని ఉన్నది అక్కడే. ఆ ఖాళీలో పేషెంట్ చెయ్యి వదలకుండా పట్టుకోగలిగితే కంపెనీ నిలబడుతుంది, లేకపోతే ఎంత ఫండింగ్ వచ్చినా నిలబడదు, నా నమ్మకం ఇదే.

డాక్టర్‌తో వీడియో కాల్ అనే ఒక్కదాని మీదే కంపెనీ పెట్టొద్దు. అది మనకి కొత్త కూడా కాదు, చిత్తూరు జిల్లా అరగొండలో అపోలో వాళ్ళు 2000లోనే టెలిమెడిసిన్ సెంటర్ పెట్టారు. ఇప్పుడు ప్రభుత్వమే ఈ-సంజీవని పేరుతో ఆన్‌లైన్ డాక్టర్ కన్సల్టేషన్ ఫ్రీగా ఇస్తోంది, 2019 నవంబర్‌లో హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్లలో దాన్ని మొదట పెట్టిన రాష్ట్రం ఆంధ్రప్రదేశే, 2023 ఫిబ్రవరికల్లా దేశం మొత్తం మీద 10 కోట్ల కన్సల్టేషన్లు దాటాయి. ఫ్రీగా దొరికేదాన్ని మీరు డబ్బులకి అమ్మలేరు. కాల్ అయిపోయాక ఆ మనిషి మందు వేసుకున్నాడా, టెస్ట్ చేయించుకున్నాడా, మళ్ళీ డాక్టర్ దగ్గరికి వెళ్ళాడా, ఇది చూసుకునేవాళ్ళు తక్కువ, అక్కడ చోటుంది.

ముందు క్లినిక్‌లో కూర్చోండి

కోడ్ ఒక్క లైన్ రాయకముందు ఒక డాక్టర్ గారిని ఒప్పించి ఆయన క్లినిక్‌లో కొన్ని వారాలు కూర్చోండి, డాక్టర్ రూమ్‌లో కాదు, రిసెప్షన్ పక్కన. రోజంతా అక్కడ ఏం జరుగుతుందో రాసుకోండి. మీ సాఫ్ట్‌వేర్ వాడేది డాక్టర్ అని మీరు అనుకుంటారు గానీ అంత రద్దీలో ఆయనకి టైప్ చేసే తీరిక ఉండదు, నిజంగా వాడేది రిసెప్షన్‌లో అమ్మాయి, బీపీ చూసే నర్సు, చీటీ అందించే కాంపౌండర్. వాళ్ళకి పని పెరిగితే మీ సాఫ్ట్‌వేర్ వారం కూడా బతకదు, పని తగ్గితే డాక్టర్ గారు వద్దన్నా వాళ్ళే వాడించుకుంటారు.

అక్కడ కూర్చుంటేనే తెలిసే సంగతులు చాలా ఉంటాయి. ఫోన్ నంబర్ ఒకటే ఉంటుంది, అది కొడుకుది, హైదరాబాద్‌లో ఉంటాడు, అదే నంబర్ అమ్మకీ నాన్నకీ అత్తగారికీ ఇస్తారు, కాబట్టి మొబైల్ నంబర్‌ని పేషెంట్ ఐడీగా పెట్టారో ముగ్గురి షుగర్ రీడింగులూ కలిసిపోతాయి, ఇది ప్రాణాల మీదకి తెచ్చే తప్పు. పేరు ఒకసారి ఇంటిపేరుతో రాస్తారు, ఒకసారి ఇనీషియల్‌తో, ఒకసారి ఉత్త వెంకటేశ్వర్లు అని, అలాంటి వెంకటేశ్వర్లు అదే ఊళ్ళో ఇంకో పదిమంది ఉంటారు. పుట్టినతేదీ పెద్దవాళ్ళకి తెలీదు, ఆధార్‌లో చాలామందికి జనవరి 1 ఉంటుంది, దాంతో మ్యాచ్ చేయలేరు. రిపోర్టులన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో మడతలు పెట్టి తెస్తారు, పాతవి పైన, కొత్తవి కింద. మీ మొదటి ప్రోడక్ట్ ఆ కవర్‌ని తేదీల వారీగా సర్ది డాక్టర్ ముందు ఒక్క స్క్రీన్ మీద పెట్టడమే అయినా చాలు, ఆయనకి రెండు నిమిషాలు మిగులుతాయి, ఆ రెండు నిమిషాల కోసం ఆయన మిమ్మల్ని ఉంచుకుంటారు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. షుగర్ వల్ల రెటీనా దెబ్బతినడాన్ని కనిపెట్టే ఏఐని గూగుల్ వాళ్ళు థాయిలాండ్ క్లినిక్‌ల్లో పెట్టి చూసి 2020లో ఆ అనుభవాన్ని పేపర్‌గా రాశారు. ల్యాబ్‌లో చాలా బాగా పనిచేసిన సిస్టమ్ అది. క్లినిక్‌కి వచ్చేసరికి నర్సులు తీసిన ఫోటోల్లో ఐదో వంతుకి పైగా క్వాలిటీ చాల్లేదని వెనక్కి కొట్టింది, గదిలో వెలుతురు సమస్య, ఇంటర్నెట్ స్లో, పేషెంట్లేమో బయట వెయిటింగ్. అంత పెద్ద కంపెనీకే గదిలో లైట్ అడ్డం పడిందంటే మనం ఎంత జాగ్రత్తగా చూడాలో ఆలోచించండి.

మొదటి వెర్షన్‌కి యాప్ అక్కర్లేదు

ఒక డాక్టర్, ఒక నర్సు, వందమంది పేషెంట్లు, లాగిన్ కంట్రోల్ ఉన్న ఒక చిన్న వెబ్ పేజీ, వాట్సాప్ బిజినెస్, మామూలు ఫోన్. దీంతో మొదలుపెట్టండి. విజిట్ అయిన మూడో రోజు నర్సు కాల్ చేసి మందులన్నీ దొరికాయా, ఎప్పుడెప్పుడు వేసుకుంటున్నారు అని అడగాలి, రెండో వారంలో పరగడుపున ఎంతుంది, తిన్నాక ఎంతుంది, పాదాలకి దెబ్బలేమైనా ఉన్నాయా అని, ఆ తర్వాత టెస్ట్ టైమ్‌కి పది రోజుల ముందు ఒకసారి. పెద్దవాళ్ళు మెసేజ్ చదవరు, వాయిస్ నోట్ వింటారు, దానికంటే మనిషి గొంతు వింటే ఇంకా బాగా చెప్తారు. కొడుకు నంబర్‌కి మెసేజ్ పెడితే ఆయన సాయంత్రం ఇంటికి ఫోన్ చేసి నాన్నా మందేసుకున్నావా అని అడుగుతాడు, ఇది ఏ నోటిఫికేషన్ కంటే బాగా పనిచేస్తుంది, కాకపోతే కొడుక్కి చెప్పొచ్చా అని పేషెంట్‌ని ముందే అడిగి పెట్టుకోవాలి, కొంతమంది ఇంట్లో చెప్పకుండా మందులు వాడుతుంటారు.

అన్నిటికంటే ముఖ్యం, ప్రమాదం వచ్చినప్పుడు ఏం చేయాలో కాగితం మీద ఉండాలి. షుగర్ 70 కంటే తగ్గిందని పేషెంట్ చెప్తే నర్సు ఆ క్షణంలో ఏం చెప్పాలి, ఛాతీలో నొప్పి అంటే 108కి ఎవరు కాల్ చేయాలి, రాత్రి పదకొండింటికి వచ్చిన మెసేజ్ ఎవరు చూస్తారు, ఇవన్నీ డాక్టర్ గారు రాసి సంతకం పెట్టాలి. నర్సు తనంతట తాను మందు మార్చకూడదు, డోసు పెంచకూడదు. రాత్రి చూసేవాళ్ళు లేకపోతే లేరని పేషెంట్‌కి చేరిన రోజే తెలుగులో స్పష్టంగా చెప్పండి. మేం 24 గంటలూ ఉంటాం అని పాంఫ్లెట్ మీద వేసి తీరా అవసరానికి ఫోన్ ఎత్తకపోతే అది మోసం.

డబ్బులు ఎవరిస్తారు

ఎక్కువ కంపెనీలు మునిగేది ఇక్కడే, అందుకే కాస్త లెక్క వేసి చూపిస్తాను, అంకెలు ఉదాహరణకి మాత్రమే. పేషెంట్ నుంచి నెలకి 250 తీసుకుంటున్నారనుకోండి. నర్సు జీతం 22,000, ఆమె 200 మందిని చూడగలిగితే తలకి 110. రిపోర్ట్ చూసి నోట్ రాసినందుకు డాక్టర్‌కి 50. కాల్స్, మెసేజ్‌లు 15. మీకు మిగిలేది 75. ఒక కొత్త పేషెంట్‌ని చేర్చడానికి క్యాంపులకీ పాంఫ్లెట్లకీ స్టాఫ్‌కీ 600 ఖర్చయితే, ఆ మనిషి ఎనిమిది నెలలు ఉంటేగానీ పెట్టింది తిరిగి రాదు. నాలుగు నెలలకే మానేస్తున్నారనుకోండి, ఎంత ఎక్కువమంది చేరితే అంత ఎక్కువ నష్టం. ఈ లెక్క మీ అంకెలతో వేసుకోకుండా ఇన్వెస్టర్ దగ్గరికి వెళ్ళొద్దు.

క్లినిక్‌కి సాఫ్ట్‌వేర్‌గా అమ్మొచ్చు, కానీ ఒక చిక్కుంది. సాఫ్ట్‌వేర్ మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది, వైద్య సేవలకేమో జీఎస్టీ మినహాయింపు, అంటే డాక్టర్ గారు మీకు కట్టిన జీఎస్టీకి ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోలేరు, మీరు 1,000 అన్నది ఆయనకి పూర్తిగా 1,180 ఖర్చే. ధర చెప్పేటప్పుడే ఇది కలుపుకుని చెప్పండి. పెద్ద కంపెనీలకి ఉద్యోగుల ఆరోగ్యం ప్యాకేజీగా అమ్మితే డబ్బు బాగానే వస్తుంది, కాకపోతే ఉద్యోగి రిపోర్టు ఒక్కటి కూడా వాళ్ళ హెచ్‌ఆర్‌కి వెళ్ళకూడదు, అలా అడిగే కస్టమర్‌ని వదులుకోండి.

ఇక కమిషన్ల గురించి. మన ఊళ్ళల్లో ల్యాబులూ స్కానింగ్ సెంటర్లూ పేషెంట్‌ని పంపినందుకు డబ్బులివ్వడం అందరికీ తెలిసిందే, మీరూ డాక్టర్లకి ఒక్కో పేషెంట్‌కి ఇంత అని ఇస్తే గ్రోత్ వెంటనే వస్తుందని చెప్పేవాళ్ళు చాలామంది దొరుకుతారు. వద్దు. డాక్టర్ల 2002 ఎథిక్స్ రెగ్యులేషన్స్ ప్రకారం పేషెంట్‌ని పంపినందుకు కమిషన్ తీసుకోవడం తప్పు, దొరికితే ఆయన రిజిస్ట్రేషన్‌కే ముప్పు. రిపోర్ట్ చూసినందుకు, ప్రోటోకాల్ రాసినందుకు, చేసిన పనికి ఫీజు ఇవ్వండి, అగ్రిమెంట్ మీద ఇవ్వండి, టీడీఎస్ కట్ చేసి ఇవ్వండి. ఊళ్ళల్లో జనం ముందు వెళ్ళేది ఆర్‌ఎంపీ దగ్గరికే కాబట్టి వాళ్ళని పట్టుకుందాం అనిపిస్తుంది. వాళ్ళతో మర్యాదగా ఉండండి, షుగర్ క్యాంప్ పెట్టినప్పుడు పిలవండి, అంతేగానీ మీ ప్లాట్‌ఫామ్ మీద డాక్టర్ అని పేరు పెట్టి చీటీ రాయించడం నేరం.

రూల్స్, తప్పించుకోలేనివి

2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ గైడ్‌లైన్స్ ముందు చదవండి, చిన్న డాక్యుమెంటే. రిజిస్టర్డ్ డాక్టర్ మాత్రమే కన్సల్టేషన్ ఇవ్వాలి, ఆ రిజిస్ట్రేషన్ నిజమో కాదో చూసుకునే బాధ్యత ప్లాట్‌ఫామ్‌ది, అంటే మీది. స్టేట్ మెడికల్ కౌన్సిల్‌లో నంబర్ చెక్ చేసి స్క్రీన్‌షాట్ దాచండి. మందులకి లిస్టులున్నాయి, కొన్నిటిని మొదటిసారి రాయాలంటే వీడియో కన్సల్టేషన్ ఉండాలి, గట్టి కంట్రోల్ ఉన్న షెడ్యూల్ ఎక్స్ మందులూ మత్తుమందుల చట్టం ఎన్‌డీపీఎస్ కిందకి వచ్చేవీ టెలిమెడిసిన్‌లో రాయకూడదు. ఏఐ తనంతట తాను పేషెంట్‌కి సలహా ఇవ్వకూడదు, మందు రాయకూడదు, డాక్టర్‌కి సాయం చేయొచ్చు. ఇప్పుడు ప్రతివాళ్ళూ చాట్‌బాట్ పెట్టేద్దాం అంటున్నారు కాబట్టి ఈ లైన్ ప్రింట్ తీసి గోడకి అంటించుకోండి.

రిమైండర్ పంపే సాఫ్ట్‌వేర్ వేరు, ఇన్సులిన్ డోసు లెక్కకట్టి చెప్పే సాఫ్ట్‌వేర్ వేరు. రెండోది మెడికల్ డివైస్ కిందకి వస్తుంది, 2017 మెడికల్ డివైసెస్ రూల్స్ వర్తిస్తాయి, రిస్క్ తక్కువైన క్లాస్ ఏ, బీ అయితే రాష్ట్ర లైసెన్సింగ్ అథారిటీ, రిస్క్ ఎక్కువైన సీ, డీ అయితే ఢిల్లీలో ఉన్న కేంద్ర మందుల నియంత్రణ సంస్థ సీడీఎస్‌సీఓ లైసెన్స్ ఇస్తాయి. ఇది నెలల పని, ఖర్చు కూడా ఎక్కువ, మొదటి ఏడాది ఆ వైపు వెళ్ళకపోవడమే మేలు.

డేటా విషయానికొస్తే, వ్యక్తిగత డేటా రక్షణ కోసం డీపీడీపీ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది, రూల్స్ 2025 నవంబర్‌లో వచ్చాయి, అసలు బాధ్యతలు 18 నెలల గడువు తర్వాత అమలవుతాయి. భద్రత సరిగా లేక డేటా బయటికి పోతే జరిమానా 250 కోట్ల దాకా ఉండొచ్చు. పేషెంట్ కోరితే కన్సెంట్ తెలుగులో చూపించాల్సిన బాధ్యత ఆ చట్టంలోనే ఉంది, లాయర్ తెలుగు పెట్టకుండా మీ నర్సు మాట్లాడే తెలుగులో రాయించండి. డేటా లీకో హ్యాకింగో జరిగితే తెలిసిన 6 గంటల్లో కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కి చెప్పాలి, కాబట్టి ఆ మెయిల్ ఎవరు పంపాలో ఇప్పుడే పేరు రాసుకోండి. 2022 నవంబర్‌లో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద దాడి జరిగితే రోజుల తరబడి ఓపీ మొత్తం చేత్తో రాసుకున్నారు. బ్యాకప్ తీస్తున్నాం అంటే చాలదు, ఆ బ్యాకప్ నుంచి డేటా మళ్ళీ వస్తుందో లేదో మూడు నెలలకోసారి చేసి చూడాలి. వాట్సాప్ గ్రూపుల్లో పేషెంట్ రిపోర్టులు తిరగడం మొదటిరోజు నుంచే ఆపండి, తర్వాత ఆ అలవాటు మాన్పించడం చాలా కష్టం.

అభా నంబర్ (పేషెంట్‌కి ప్రభుత్వం ఇచ్చే హెల్త్ ఐడీ), ఏబీడీఎం (హెల్త్ రికార్డులన్నిటినీ దాంతో కలిపే కేంద్ర ప్రభుత్వ మిషన్) సంగతి ఒక్క ముక్కలో. మూడు మెట్లుంటాయి, అభా తయారుచేయడం, వెరిఫై చేయడం మొదటిది, మీ దగ్గరున్న రికార్డులు పేషెంట్ కన్సెంట్‌తో పంచుకోవడం రెండోది, బయట రికార్డులు చూడటం మూడోది. అసలు సిస్టమ్‌కి కలపకముందే వాళ్ళ శాండ్‌బాక్స్ అనే ట్రయల్ సిస్టమ్‌లో టెస్ట్ చేసుకోవచ్చు. డేటాబేస్‌ని మొదట్నుంచీ ఎఫ్‌హెచ్‌ఐఆర్ అనే హెల్త్ రికార్డుల స్టాండర్డ్‌కి దగ్గరగా డిజైన్ చేసుకుంటే తర్వాత తిరగరాసే బాధ ఉండదు.

మొదటి డబ్బు

ఆలోచన దశలో షేర్లు అమ్ముకోకండి. బయోటెక్ స్టార్టప్‌లకి సాయం చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ బైరాక్ వాళ్ళ బిగ్ గ్రాంట్ 18 నెలలకి 50 లక్షల దాకా ఇస్తుంది, అందులో నిజమైన కొత్తదనం చూపించాలి, మామూలు అపాయింట్‌మెంట్ సాఫ్ట్‌వేర్‌కి రాదు. స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్‌లో ప్రోటోటైప్, ట్రయల్స్ కోసం 20 లక్షల దాకా గ్రాంట్ ఉంది, స్టార్టప్‌లకి తోడుండే ఇంక్యుబేటర్ ద్వారా అప్లై చేయాలి, కంపెనీ పెట్టి రెండేళ్ళు దాటకూడదు, ఇప్పుడు అప్లికేషన్లు తీసుకుంటున్నారో లేదో ముందు కనుక్కోండి. డివైస్ లాంటిది చేస్తుంటే విశాఖ మెడ్‌టెక్ జోన్‌కి ఒకసారి వెళ్ళి రండి, టెస్టింగ్ ల్యాబులు ఒకే చోట ఉంటాయి. డాక్టర్‌ని కో-ఫౌండర్‌గా తీసుకుంటే మాత్రం షేర్లు ఒకేసారి ఇవ్వొద్దు, నాలుగేళ్ళ వెస్టింగ్, అంటే షేర్లు కొంచెం కొంచెంగా చేతికొచ్చే పద్ధతి, పెట్టండి, వారానికి ఎన్ని గంటలు ఇస్తారో అగ్రిమెంట్‌లో రాయించండి, ఎందుకంటే ప్రాక్టీస్ పెరిగేకొద్దీ ఆయన టైమ్ తగ్గిపోవడం సహజం.

ఎప్పుడు పెంచాలి

డౌన్‌లోడ్లు చూసి పెంచొద్దు. మూడు అంకెలు చూడండి: చేరినవాళ్ళలో ఆరో నెలలో కూడా ఫోన్ ఎత్తి మాట్లాడుతున్నవాళ్ళు ఎంతమంది, టైమ్‌కి మూడు నెలల షుగర్ టెస్ట్ మళ్ళీ చేయించుకున్నవాళ్ళు ఎంతమంది, మీరు అడక్కుండానే డాక్టర్ గారు పంపిస్తున్న పేషెంట్లు ఎంతమంది. మూడూ నెలనెలా మెరుగవుతుంటే అదే ఊళ్ళో రెండో డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. ఆయన దగ్గర కూడా పనిచేస్తే అప్పుడు రెండో ఊరు, అదే జబ్బుతో. కొత్త ఊరూ కొత్త జబ్బూ ఒకేసారి పెట్టుకుంటే, ఎక్కడ తేడా కొడుతోందో కనిపెట్టలేరు.

రెండో ఊరికి అసలు పరీక్ష ఏంటంటే మీరు అక్కడ లేకుండా నడవాలి. మొదటి ఊళ్ళో మీరు రోజూ కనిపిస్తారు, రిసెప్షన్ అమ్మాయికి మీ ఫోన్ నంబర్ తెలుసు, సగం సమస్యలు ఆ చనువుతోనే తీరిపోతుంటాయి, రెండో ఊళ్ళో ఆ చనువుండదు. అందుకే మొదటి ఊళ్ళో చేసే ప్రతి పనీ రాసిపెట్టుకోవాలి, కొత్త నర్సు ఆ కాగితం చూసి రెండు వారాల్లో పనిలో పడగలగాలి. మాట తీరు కూడా చూసుకోండి, గుంటూరు యాసలో రాసిన కాల్ స్క్రిప్ట్ ఆదిలాబాద్‌లో పరాయిగా వినిపిస్తుంది, హైదరాబాద్ పాతబస్తీకి వెళ్తే ఉర్దూ మాట్లాడేవాళ్ళు కావాలి, కాబట్టి నర్సుని ఆ ఊళ్ళోనే తీసుకోవడం మంచిది.

నర్సులు మారిపోవడం పెద్ద సమస్య, మంచివాళ్ళకి పెద్దాసుపత్రుల్లో, గల్ఫ్‌లో అవకాశాలొస్తాయి, తెలంగాణలో విదేశీ ఉద్యోగాలు చూపించే ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా జర్మనీ, జపాన్ కూడా వెళ్తున్నారు. వెళ్ళొద్దని ఆపలేం, ఆపకూడదు కూడా. ప్రతి ముగ్గురికీ ఒకర్ని ట్రైనింగ్‌లో ఉంచుకోండి, నైట్ షిఫ్ట్ లేని ఉద్యోగం కాబట్టి పిల్లలున్న నర్సులు ఇష్టంగా వస్తారు, ఎక్కువ కాలం ఉంటారు. వారానికి కొన్ని కాల్స్ డాక్టర్ గారు విని సరిదిద్దాలి, ఇది ఆపేసిన నెల నుంచే క్వాలిటీ జారడం మొదలవుతుంది.

ఆసుపత్రులకి అమ్ముతూ పెంచుతుంటే వాళ్ళ చేతిలో డబ్బు ఎప్పుడుంటుందో తెలుసుకోండి. ఆరోగ్యశ్రీ, అటు ఏపీలో ఎన్టీఆర్ వైద్య సేవ బకాయిల కోసం నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేస్తామని నోటీసులివ్వడం పేపర్లలో చూసే ఉంటారు, వాళ్ళకి రాకపోతే మీకూ రాదు. అడ్వాన్స్ తీసుకునే పద్ధతి పెట్టండి, ఒకే ఆసుపత్రి మీద సగానికి పైగా ఆదాయం ఆధారపడకుండా చూసుకోండి.

అప్పు తెచ్చి పెరగడం గురించి కూడా చెప్పాలి. ఆన్‌లైన్‌లో మందులమ్మే ఫార్మ్‌ఈజీ 2021లో ల్యాబ్ టెస్టుల కంపెనీ థైరోకేర్‌లో 66.1 శాతం వాటాని 4,546 కోట్లకి కొనింది, తర్వాత అప్పుల భారం మీదపడి 2023లో పాత వాల్యుయేషన్‌తో పోలిస్తే దాదాపు 90 శాతం తక్కువకి రైట్స్ ఇష్యూ, అంటే ఉన్న షేర్‌హోల్డర్లకే కొత్త షేర్లు అమ్మడం, చేయాల్సొచ్చింది. లండన్‌లో పుట్టిన ఆన్‌లైన్ వైద్యం కంపెనీ బాబిలన్ హెల్త్ 2021లో న్యూయార్క్‌లో లిస్ట్ అయ్యింది, వాల్యుయేషన్ 400 కోట్ల డాలర్ల పైన, రెండేళ్ళు తిరక్కుండానే 2023లో కూలిపోయింది. తెలివితేటలు లేక ఇలా జరగలేదు, వైద్యం ఇచ్చే ఖర్చు వచ్చే ఆదాయం కంటే వేగంగా పెరిగితే టెక్నాలజీ దాన్ని కప్పలేదు.

అలాంటి కంపెనీ మూతపడితే మధ్యలో ఇరుక్కునేది పేషెంటే. అందుకని డాక్టర్‌తో రాసుకునే మొదటి అగ్రిమెంట్‌లోనే ఒక క్లాజ్ పెట్టండి: మేం ఏ కారణంగా ఆపేసినా 60 రోజుల ముందు చెప్తాం, ప్రతి పేషెంట్ రికార్డూ పీడీఎఫ్‌గా పేషెంట్‌కీ, పేషెంట్ ఒప్పుకుంటే డాక్టర్‌కీ ఇస్తాం, ఆ తర్వాత చట్టప్రకారం ఉంచాల్సినవి తప్ప మిగతావి చెరిపేస్తాం. దానికి కావలసిన డౌన్‌లోడ్ బటన్ మొదటి వెర్షన్‌లోనే ఉండాలి, రికార్డు ప్రింట్ తీసి ఇవ్వడానికి కౌంటర్‌లో ఒక ప్రింటర్ కూడా.